జంట దోనెలో నేను సగం

నేను ఒక తాటిదోనెను. పడవ అనుకునేరు, కాదు; పడవలో సగాన్ని. మా వైపు పెద్ద చెరువును ఆవ అంటారు. మా ఆవ మీద తిరిగేవన్నీ జంటలే. రెండు తాటిమానుల మొదళ్లు తొలిచి, పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలు వేసి కొబ్బరితాడుతో బిగిస్తారు. పైన ఒక బల్ల. దాని మీద నలుగురు కూర్చుని ఊళ్లో వాళ్ల గుట్లన్నీ చెప్పుకున్నా ఒక్క చుక్క లోపలికి రాదు. విడిగా మాత్రం నేనొక దుంగను. మనిషి ఎక్కితే దొర్లుతాను. అందులో నా తప్పేమీ లేదు, గుండ్రంగా పుట్టాను.

నా జంటవాడు గట్టు మీద నా పక్కన పెరిగిన చెట్టే. చెట్లుగా ఉన్నన్నాళ్లూ మా ఇద్దరికీ ఉప్పూనిప్పూ. గాలి వీస్తే చాలు, వాడు ఎండుమట్టలు నా మీదికి విసిరేవాడు. నేనూ ఊరుకోలేదనుకోండి. అలాంటి మమ్మల్ని, ఆవ మీద దోనె నడుపుకునే అచ్చియ్యమ్మ మొగుడు ఒకేరోజు కొట్టించి, ఒకే తాడుకు కట్టాడు. మా ఇష్టం ఎవరడిగారు? మనుషుల పెళ్లిళ్లలోనే అడగరట. ఆయన పోయాక మమ్మల్ని నడిపే గెడ అచ్చియ్యమ్మ చేతికి వచ్చింది.

ఆ తరవాత ఆవ గట్టున పార్కు వెలిసింది. పిక్నిక్కులకు వచ్చేవాళ్లు ఒడ్డున ఒకటే గోల. గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాళ్లే మా మీదికి ఎక్కేవాళ్లు. జమ్ముగడ్డి దాటి తామరల్లోకి వెళ్లేసరికి ఎంతటి వాగుడుకాయకైనా మాట పడిపోయేది. కనుచూపు మేర పూలు. గెడ నీళ్లలో దిగిన చప్పుడుకు ఎక్కడో ఒక పిట్ట లేస్తుంది. దాని వెనకే ఆవంతా రెక్కలొచ్చి లేచినట్టు పిట్టలు లేస్తాయి. ఎండ క్షణంపాటు మాయమవుతుంది. ఎన్నిసార్లు చూశానో! అయినా ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. దుంగకు ఒళ్లేమిటి అనకండి, ఉంది.

ఒక కార్తీకమాసం ఆదివారం విశాఖపట్నం నుంచి ఒక కుటుంబం వ్యానులో వనభోజనాలకు దిగింది. ఉసిరిచెట్టు కింద తింటే పుణ్యం కదా, పార్కులో ఉసిరిచెట్టు లేదు. అందుకని నర్సరీ నుంచి కుండీలో మొక్క తెచ్చి, మధ్యన పెట్టి చుట్టూ కూర్చున్నారు. దాని నీడ పిల్లికి కూడా చాలదు. పుణ్యం మాత్రం అందరికీ సమానంగా వచ్చి ఉంటుంది.

ఆ ఇంటి అమ్మాయి హేమకు కొత్తగా పెళ్లయింది. అల్లుడు త్రినాథ్‌కి అదే తొలి కార్తీకం. అత్తగారు పెట్టిన పట్టు కండువా భుజాన వేసుకుని బొమ్మలా కూర్చున్నాడు. బావమరిది శేషుకి బావను ఏడిపించడమే పండగ.

భోజనాలయ్యాక ఆడవాళ్లంతా ఆవ పక్కనున్న కొండ మీది కాలిబాట చూస్తామంటే అచ్చియ్యమ్మ దారి చూపించడానికి వెళ్లింది. అక్కడి నుంచి ఆవ మొత్తం కనిపిస్తుంది. అదే అదనుగా శేషు మా దగ్గరికి వచ్చాడు.

"బావా, చెరొకటీ తీసుకుందాం. ఆ తామరల దాకా పందెం. ఈత వచ్చుగా?"

త్రినాథ్ చుట్టూ చూశాడు. మామగారు, చిన్నమామలు అందరూ వింటున్నారు.

"ఎందుకు రాదు?" అన్నాడు.

రాదు. నా మీద కాలు పెట్టగానే తెలిసిపోయింది నాకు. రెండు చేతులా నా అంచు పట్టేసుకున్నాడు. కానీ చెప్పడానికి నాకు నోరేదీ? అప్పటికే శేషు బల్ల తీసి, అడ్డకర్రలు లాగి, తాడు విప్పేశాడు. అన్నేళ్ల తరవాత జంటవాడుండే వైపు నాకు చల్లటి నీళ్లు తగిలాయి. నాకు భయం వేసింది.

లోతులోకి వెళ్లేదాకా ఎలాగో సాగాను. పక్కకు తిరిగి శేషు ఎక్కడున్నాడో చూడబోయాడు త్రినాథ్. అంతే, దొర్లాను. అతను తామరకాడల మధ్యకు పోయాడు.

"నాటకాలాపు బావా!" శేషు పగలబడి నవ్వాడు. త్రినాథ్ తల పైకొచ్చింది, మునిగింది. మళ్లీ వచ్చినప్పుడు ఆ కళ్లు చూసి శేషు నవ్వు ఆగిపోయింది.

కొండ మీద నుంచి అచ్చియ్యమ్మ కేక వినిపించింది. "ఇప్పీసినార్రో! దోనిలు ఇప్పీసినార్రో!"

త్రినాథ్ చేతికి నా మొదలు దొరికింది. కావలించుకున్నాడు. అతని గుండె చప్పుడు నా బోలు కడుపులో డప్పులా మోగింది. బతకాలని మనిషికి అంత ఆశ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కానీ అతను గట్టిగా పట్టుకున్నకొద్దీ నేను దొర్లుతూనే ఉన్నాను. ఆ పాపిష్టి గుండ్రతనాన్ని ఆ పూట తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు.

శేషు నీళ్లలోకి దూకి, తన దోనెను నెట్టుకుంటూ వచ్చాడు. జంటవాడు ఠప్పున నా పక్కకు తగిలాడు. "ఒక్కో చెయ్యీ వెయ్యి బావా, రెండింటి మీదా!" త్రినాథ్ వేశాడు. దొర్లడం ఆగింది. శేషు బావ మెడకు చుట్టుకుపోయిన ఆ పట్టు కండువా లాగి మా ఇద్దరినీ కలిపి ముడివేశాడు. అంత అల్లకల్లోలంలోనూ మేం పరిచిన చాపలా కదలకుండా నిలిచాం. నన్ను వాడూ, వాణ్ణి నేనూ ఏళ్ల తరబడి నిలబెడుతున్నామని ఇద్దరికీ అప్పుడు గాని తెలిసిరాలేదు.

ఒడ్డుకు చేరేసరికి హేమ చెప్పుల్లేకుండా కొండ దిగి వచ్చేసింది.

"నాకు ఈత రాదు హేమా," అన్నాడతను, దగ్గుతూ.

"ఆ ముక్క ముందే చెప్తే ఏం పోయేదండీ?"

"మీవాళ్ల ముందు నామోషీ."

శేషు ఏడుస్తున్నాడు. అచ్చియ్యమ్మ రొప్పుతూ వచ్చి ఇద్దరినీ కలిపి దులిపేసింది. "రెండూ కలిత్తేనే దోని బాబూ! ఇప్పీసినాక కాష్టానికి తప్ప పన్జెయ్యవు!"

కాలం గడిచింది. బాతుల ఆకారంలో తొక్కే పడవలు వచ్చాయి. మేం ముసలివాళ్లమయ్యాం. అందంగా ఉంటుందని పార్కు గేటుకు ఆ పక్కన వాణ్ణి, ఈ పక్కన నన్ను పడేసి, మట్టి నింపి బంతిమొక్కలు నాటారు. మధ్యలో దారి. వచ్చేపోయే కాళ్ల సందుల్లోంచి వాడు కనబడితే కనబడినట్టు.

మొన్న కార్తీకంలో త్రినాథ్ వచ్చాడు. కూతురు, హేమ, శేషు కూడా ఉన్నారు. గేటు దగ్గర వేరుశనగకాయలు అమ్ముకుంటున్న అచ్చియ్యమ్మను గుర్తుపట్టి, నా మీద చెయ్యి వేసి అడిగాడు.

"దీని జంటది ఏదమ్మా?"

"అల్లదిగో బాబూ, ఆ పక్కనున్నాది. ఇడదీసీసినారు."

అతను తోటమాలిని బతిమాలాడు. శేషు, మరో నలుగురు సాయం పట్టారు. మట్టి సగం ఒలికిపోతూ నన్ను దారి దాటించి వాడి పక్కకు చేర్చారు. త్రినాథ్ భుజం మీది కండువా తీసి మా ఇద్దరినీ చుట్టి ముడివేశాడు.

"నేల మీద మునగవు కదా నాన్నా! ఎందుకు కట్టడం?" అంది కూతురు.

"మునగవులే తల్లీ," అన్నాడు. "అయినా కట్టనీ."

వాళ్లు చెరువువైపు వెళ్లిపోయారు. జంటవాడు అప్పుడే సణుగుడు మొదలుపెట్టాడు, నా మట్టంతా వాడి మీద పోశానట. సణగనీ. ఎంతకాలమైంది విని!