హారతి లేని క్యాసెట్

జనగామలో కొత్త క్యాసెట్ దిగిందంటే మొదట మోగేది సరోజన ఇంట్లోనే. బట్టల దుకాణం సంగతి భర్త వెంకట్రాం చూసుకుంటాడు. ఏ పాటలో ప్రాణముందో, ఏది ఉత్త హంగామానో సరోజన చెబుతుంది. ఆ వారం మూడు తెచ్చుకుంది. మొదటిదాంట్లో వయొలిన్లు గాయనిని నోరెత్తనివ్వలేదు. భక్తిపాటల దాంట్లో ప్రతి మాటా బావిలోంచి వచ్చినట్టుంది. మూడోది పల్లెపాటలట; పాడినావిడ నాటు మడిలో కాలు పెట్టి ఎరగదని మొదటి చరణంలోనే తెలిసిపోయింది. మూడింటినీ సగంలోనే ఆపేసింది.

"కూసున్న జాగల కూసుంటలేవు, ఏమైంది?" అన్నాడు వెంకట్రాం అన్నం కలుపుతూ. "గా పాటలు గంత బాగలేవా?"

"పాటలు గాదు. నా చెవే బాగలేదు."

నిజమే, ఏది విన్నా మధ్యలో తెగిపోయిన కథే చెవిలో మెదులుతోంది. రెండు నెలల కింద పెద్దవంగర నుంచి ఒగ్గు కథ చెప్పే కట్టయ్యను పిలిపించి, దేవుని పెళ్లి కథను తమ వాకిట్లో టేపు చేసింది. తెల్లవార్లూ చెప్పే కథను గంటకు కుదించమంటే ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. చివర మంగళహారతి ఎత్తుకునే వేళకు క్యాసెట్ అయిపోయి మీట టక్కున లేచింది. సరోజన చూసింది. ఆ గొంతును మధ్యలో ఆపడానికి మనసొప్పక ఊరుకుంది. తరువాత చెప్పడానికి మొహం చెల్లలేదు. అడిగినవాళ్లకు కాపీలు తీయించి ఇచ్చింది. ఇప్పుడు ఆ కథ ముప్పై ఇళ్లలో, నాలుగు హోటళ్లలో మంగళం లేకుండానే మోగుతోంది.

"నీ కట్టయ్య లింగాల ఘనపూర్‌ల దేవుని పండుగకు రానన్నడట," అన్నాడు వెంకట్రాం. "బస్టాండు హోటల్ల తన కథ తనే విన్నడట. మంగళం లేని కథ ఊర్లమీద తిరుగుతుంటే ఇంకోటి ఎట్ల మొదలువెడుత అన్నడట."

సరోజన తెల్లారి టేప్ రికార్డర్‌ను తువ్వాలులో చుట్టి, చంకలో పెట్టుకుని పెద్దవంగర బస్సెక్కింది.

కట్టయ్య మంచంలో కూర్చుని ఉన్నాడు. వెనక గోడకు డోలు వేలాడుతోంది.

"రా సావుకారమ్మా. డబ్బ గూడ తెచ్చినవా? ఇంకేం మింగుతదట?"

"మీట లేసింది ఆ దినమే చూసిన కట్టన్నా. నిన్ను ఆపబుద్ధిగాలేదు. తప్పు నాదే. జర హారతొక్కటి పాడు. పెద్ద క్యాసెట్ల కలిపిచ్చి, అందరి తాన పాతవి మార్పిస్త."

"నేను పాడిన గద. ఒక్క కథకు రెండు మంగళాలుంటయా?"

"మరెట్ల?"

"హారతి ఎత్తుకున్నప్పుడు విన్నోళ్లు అందుకోవాలె. ఆ దినం నీ గొంతు నాకు వినవడలే. మీట దిక్కు చూసుకుంట కూసున్నట్టున్నవ్. ఇప్పుడందుకో."

 ఎవరి శ్రుతి ఎక్కడ జారిందో ఇరవై ఏళ్లుగా చెబుతున్న మనిషి సరోజన. "నాదేం గొంతు? ముప్పై ఇండ్లల్ల నవ్వుతరు."

"నవ్వనీ. ఘనపూరోళ్లు పొద్దుమీకి మల్ల వస్తరు. నేనేం చెప్పాలె?"

ఆమె తువ్వాలు విప్పి డబ్బాను మంచం మీద పెట్టింది. రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కింది. మొదటి పాదం మరీ పైన ఎత్తుకుంది. రెండోదాంట్లో కిందికి జారింది, మూడోదాంట్లో ఊపిరి చాలలేదు. కట్టయ్య పెదవి కదపలేదు, మోకాలి మీద వేళ్లతో తాళం మాత్రం వేశాడు. చివరికెట్లాగో హారతి ముగిసింది. వెంటనే వెనక్కి తిప్పి విని, తలపట్టుకుంది.

"రెండో పాదం చెడింది. చెరిపి మల్ల పాడుత," అంటూ మీట మీద వేలు పెట్టింది.

కట్టయ్య ఆ వేలును పక్కకు నెట్టాడు.

"ఒక్క కథకు ఒక్కటే మంగళం, సావుకారమ్మా," అని లేచి, గోడ మీది డోలు దించి దుమ్ము దులిపాడు.