సీమోను కోసేసిన మాట

రెగ్జిన్ బ్యాగు అడుగున ముందు నా పట్టుచీర పరిచాడు. దానిమీద టేపు చక్రం పెట్టి, పసిపిల్లను చుట్టినట్టు చుట్టాడు. తన రెండు అంగీలు మాత్రం పాత పేపర్లో చుట్టమని నాకిచ్చాడు. మామిడికాయ తొక్కు సీసా పెడితే, నూనె కారి టేపు పాడవుతుందని తీసి బయట పెట్టాడు. బొంబాయిలో ఏం తింటాడన్నది నా ఫికర్. టేపుకు ఉక్కపోస్తుందేమోనన్నది మా తమ్ముడు సీమోను ఫికర్. ఆ టేపును అక్కడ రికార్డుగా వేయించడానికే ప్రయాణం.

పొద్దంతా శాలిబండలో రేడియోలు బాగుచేసేవాడు. సాయంత్రం హుస్సేనీ ఆలంలో మా మేడమీది గదిలో నలుగురు జులపాల పిల్లగాళ్ల అరుపులు టేపులోకి ఎక్కించేవాడు. ఆ సంగీతాన్ని రేడియో వెయ్యదు, పేపరు రాయదు, కన్నతండ్రి ఒప్పుకోడు. అందుకే దాన్ని అండర్‌గ్రౌండ్ రాక్ అంటారట. పద్దెనిమిది మెట్లెక్కి వెళ్లే అండర్‌గ్రౌండ్ మా ఇంట్లోనే చూశాను.

డ్రమ్ములు కొట్టే వేణుగోపాల్ పూజారిగారబ్బాయి. ట్యూషన్ అని చెప్పి వచ్చేవాడు. ట్యూషన్ నిజంగానే అవసరం. వాడి చేతిలో తాళం నిలిచేది కాదు. పైగా గోడ అవతల మిఠాయిల మీద అద్దే వెండి వరఖులు కొట్టే భాయ్ సుత్తి పొద్దుగూకేదాకా ఆగదు. పిల్లగాళ్లు ఆయనతో లొల్లికి బయలుదేరితే సీమోను ఆపి, డ్రమ్ములను ఆ గోడకే ఆనించాడు.

"సుత్తి యెంబడి కొట్టు. గాయన ముప్పై ఏండ్ల సంది తాళం తప్పలే," అన్నాడు.

అలా ఆ విద్వాంసుడికి గురువు దొరికాడు. గురువుకు మాత్రం తెలియదు.

సీమోను మిగతా గోడలకు మా బొంతలు వేలాడదీశాడు. నా మంచినీళ్ల కుండ బోర్లించి ఎండబెట్టి, అందులోకి ఒక మైకు దింపాడు. కళ కోసం వారం రోజులు పక్కింటి నీళ్లు తాగాను. కానీ టేపు తిప్పి వినిపించినప్పుడు, ఉన్నమాట చెప్పాలి, తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అరుపులు అరుపులే. అయినా ఎవరు ఏ మూల నిలబడ్డారో, ఎవరి ఊపిరి అయిపోవచ్చిందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. డ్రమ్ము కింద సుత్తి సన్నగా మెరుస్తోంది. నేను కింద గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు కూడా ఉంది. ఉంచాడు.

లేనిది సీమోను ఒక్కడే. మధ్యలో వాడు "మళ్లీ కొట్టు" అన్నవీ, దగ్గినవీ బ్లేడుతో కోసి, టేపు అతికేసేవాడు. రికార్డు చేసే ఇంజనీరు గొంతు వినపడితే పని చెడినట్టేనట.

మా ఆయన పది రోజుల పనని షోలాపూర్ వెళ్లి ఇరవై ఏళ్లు దాటింది. మొహం ఫోటోలో ఉంది. గొంతు ఎట్లా ఉండేదో ఎంత తలుచుకున్నా రాదు. అందుకే సీమోను బ్యాగు జిప్పు లాగుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"నీ మాట ఒక్కటి ఇంట్ల పెట్టి పో, సీమోను."

"పదిహేను దినాలకు నేనే వస్త కదక్కా. మాటెందుకు?"

"మీ బావ గూడ గిట్లనే అన్నడు."

వాడు బ్యాగు పక్కన పెట్టాడు. అల్మారాలోంచి అదే టేపుకు నకలు తీసి మిషను మీద ఎక్కించాడు, ఏ మీట నొక్కాలో రెండుసార్లు చూపించాడు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 'అక్కకు' అని రాశాడు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని. నాకోసం ఎవరైనా రాసిన మొదటి అక్షరాలవి.

పదహారో రోజున మీట నొక్కాను. పాటలన్నీ అయిపోయాయి. సుత్తి ఒక్కటే మిగిలింది. తరువాత మెట్లమీంచి నా గొంతు: "అయిపోయిందా, సీమోను?"

ఆ పాటలు ఎక్కించిన రోజు వాడు నాకు జవాబిచ్చాడు. "అయిపోయిందక్కా, చాయ్ పెట్టు" అన్నాడు. నాకు బాగా గుర్తు. టేపులో లేదు. రెండు సుత్తి దెబ్బల నడుమ, తాళం తప్పకుండా కోసేశాడు.

ఇప్పుడు కాలేజీ పిల్లలు వెతుక్కుంటూ వచ్చి ఆ టేపు వింటారు. ఎంత గొప్ప ఇంజనీరో మీకు తెలియదమ్మా అంటారు. తెలియకేం, పదేళ్లుగా వింటున్నాను, అతుకు ఎక్కడో ఇంకా దొరకలేదు.

సీమోను 1976 ఆగస్టు తొమ్మిది, సోమవారం, బొంబాయి బండి ఎక్కాడు. తిరిగి రాలేదు.