ఆర్విడ్ తీసేసిన రెండు పేజీలు

ఆర్విడ్ టోర్సన్ రోజూ పొద్దున్నే ఎనిమిదింటికి ఆఫీసుకి వెనకదారిన వస్తాడు. ముందుదారి బాగాలేక కాదు. అక్కడ వేసవిలో చెత్తా, చలికాలంలో రాత్రి కురిసిన మంచూ తెల్లారేసరికి శుభ్రంగా ఎత్తేసి ఉంటాయి. ఎత్తేది హెడ్రా. ఆమె మొహం చూడలేక పద్నాలుగు నెలలుగా ఈ మనిషి చెత్తడబ్బాల మధ్య నుంచి దూరి వస్తున్నాడు.

హెడ్రా కత్తి తిప్పే వీరనారి. ఆర్విడ్ రాసిన సాహసంలో చిక్కుకుపోయిన నలుగురిలో ఒకతె.

అమెరికాలో, విస్కాన్సిన్‌లో సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో డార్లా అనే ఆవిడ ఒకప్పటి చెప్పుల దుకాణం ఆఫీసుగా అద్దెకి తీసుకుని, ఆర్విడ్ రాసే సాహసాల పుస్తకాలు అచ్చు వేయిస్తుంది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు దొర్లించి, తలా ఒక వీరుడి వేషం కట్టి ఆడుకునే ఆటలకి అవి. రెండు నెలలకొకటి వస్తుంది. పదహారేసి పేజీల ఫారాలు రెండు, మొత్తం ముప్పై రెండు పేజీలు, విడి అట్ట, అట్ట లోపల నీలిరంగు పటం. ఆటగాళ్లు అయిదారు సాయంత్రాల్లో దాన్ని నమిలేసి తర్వాతిదేదీ అని అడుగుతారు. కథ సగంలో ఆగితే, ఏ ఊరి బల్ల మీద ఆగిందో ఆ ఊళ్లోకే వీరులు పైకొచ్చి కాచుకుంటారు. రెండు నెలలు ఊరివాళ్లు పళ్లు కూరి కాల్చే పైలు నాలుగు రకాలు తిని, చలికి తిట్టుకుని, కొత్త భాగం రాగానే మళ్లీ దిగిపోతారు. పోస్టుమాన్ కూడా వాళ్లకి టోపీ తీసి పలకరిస్తాడు.

ఈసారి మాత్రం పద్నాలుగు నెలలైంది. మరుగుజ్జు టోబ్రిన్ బౌలింగ్ హాల్లో బూట్లు అందించే పనికి కుదిరాడు. పూజారి శుక్రవారాలు చర్చిలో చేపలు వేయిస్తున్నాడు. వృత్తిరీత్యా దొంగ అయిన నాలుగోవాడు లైబ్రరీలో పుస్తకాలు సర్దుతున్నాడు, ఇంతవరకూ ఒక్కటీ పోలేదు. పుస్తకంలో ఉంటే వాళ్లకి వయసు రాదు. ఊళ్లో ఉంటే వస్తుంది. టోబ్రిన్ గడ్డం నెరిసింది. హెడ్రా కళ్లజోడు పెట్టుకుంటోంది.

మూడో భాగం ఏదని ఎవరడిగినా ఆర్విడ్ "వస్తోంది, వస్తోంది" అంటాడు. నిజానికి మూడో భాగమే లేదు.

జరిగింది చెప్పుకుంటే సిగ్గుచేటు. రెండో భాగం ముప్పై నాలుగు పేజీలైంది. ప్రెస్సు వాళ్లు ముప్పై రెండైనా ఉండాలి, నలభై ఎనిమిదైనా ఉండాలి, మధ్యలో కుదరదన్నారు. బయట ప్రెస్సుకి తీసుకెళ్లే వ్యాను నిలబడి ఉంది. రాక్షసరాజు విందులో ఏమేం వడ్డించారో రాసిన పేజీ ఒకటుంది, దాన్ని తీసేయొచ్చు. అది ఆర్విడ్‌కి ముద్దు. చివరి రెండు పేజీలైతే ఇట్టే ఊడొస్తాయి. ఊడబీకి, రాతి తలుపు ముందు నలుగురూ నిలబడ్డ చోట "మిగతాది మూడో భాగంలో, రెండు నెలల్లో" అని ఒక ముక్క తగిలించాడు. తర్వాత ఉత్తరాలొచ్చాయి. అబ్బ, ఏం ముగింపండీ, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం అని. నేను కావాలనే అలా ఆపాను అని అతను జవాబులు రాశాడు. ఒకటికాదు, చాలా రాశాడు. ఆ తర్వాత రెండు పేజీల్ని మూడో భాగమని ఏ మొహం పెట్టుకుని ఇస్తాడు?

పైగా డార్లాకి కొత్త ఆలోచన వచ్చింది. "సన్న పుస్తకాల కాలం పోయింది ఆర్విడ్. ఏడాదికొక్కటే తెద్దాం, గట్టి అట్టతో, నూట ఇరవై ఎనిమిది పేజీలు. నీ మూడో భాగంతోనే మొదలుపెడదాం."

"అలాగే," అన్నాడు ఆర్విడ్. ఇంకేమంటాడు!

మార్చిలో ఒక గురువారం వెండెల్ క్రౌస్ ఆఫీసుకొచ్చాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు. హెడ్రా వాళ్ల ఆట నడిపేది వెండెలే.

"ఒరేయ్, ఇంజన్ల ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. అక్కడ పనిచేసే మా బల్ల ఆటగాళ్లు నలుగురూ సోమవారం టెక్సస్ వెళ్లిపోతున్నారు. ఆదివారమే ఆఖరి ఆట. ఉన్నంతవరకైనా ఇవ్వరా."

"ఇంకా సాపు చేయాలిరా."

"సాపు చేస్తావో, చాప చుట్టేస్తావో! నిన్న టోబ్రిన్ తన పేరు మర్చిపోయాడు, తెలుసా? బూట్ల మీద అంకె చూసి అదే తన పేరనుకున్నాడు."

ఆడేవాళ్లు చెదిరిపోతే వీరులేమవుతారో ఊరంతటికీ తెలుసు. కిందటేడు పక్క ఊళ్లో ఒక బల్ల ఆటగాళ్లు ఇలాగే చెదిరిపోయారు. వాళ్ల మంత్రగాడు ముందు పేరు పోగొట్టుకున్నాడు, తర్వాత నీడ పోగొట్టుకున్నాడు. వసంతానికి బస్టాండు బెంచీ మీద అతని టోపీ ఒక్కటే మిగిలింది.

వెండెల్ వెళ్లాక ఆర్విడ్ ముందుదారిన బయటికొచ్చాడు. హెడ్రా పార పట్టుకుని నిలబడి ఉంది.

"రచయితగారూ! ఇటు కూడా దారుందని గుర్తుందన్నమాట."

"హెడ్రా... మీకు కోపం లేదా?"

"కోపమెందుకు? ఇన్నాళ్లు రాస్తున్నారంటే ఆ తలుపవతల ఎంత పెద్ద సంగతి ఉందోనని మేం నలుగురం రోజూ చెప్పుకుంటాం," అని ఆమె కళ్లజోడు తుడుచుకుంది. ఆమె తిట్టినా బాగుండేదని ఆర్విడ్‌కి అనిపించింది. చెంపలు మండిపోతుంటే తలవంచుకుని ఇంటికి పోయి, సొరుగు అడుగు నుంచి ఆ రెండు పేజీలూ తీశాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఆటగాళ్లూ, వీరులూ అందరూ ఆఫీసు నేలమాళిగలో చేరారు. పుస్తకం చివరున్న రాతి తలుపు అక్కడే, బాయిలర్ పక్కన, పద్నాలుగు నెలలుగా నిలబడి ఉంది. వీరులు నలుగురూ దాన్ని నెట్టీ నెట్టీ భుజాలు వాచగొట్టుకున్నారు. దాని ముందు బల్ల వేశారు. డార్లా మెట్ల మీద కూర్చుంది. ఆర్విడ్ పేజీలు వెండెల్ చేతికిచ్చాడు. వెండెల్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మిగతావేవిరా?"

"అంతే. మూడో భాగం లేదు. రెండో భాగంలో పట్టలేదని తీసేశాను. ఆ ముగింపు కావాలని పెట్టింది కాదు. ఇన్నాళ్లూ మీ అందరికీ అబద్ధం చెప్పాను."

డార్లా అతన్ని చూడకుండా తన చేతులు చూసుకుంది. అది అతనికి దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

వెండెల్ గొంతు సవరించుకుని చదివాడు. తలుపు నెడితే రాదు, కిందనుంచి పైకెత్తాలి. ఎత్తినవాళ్లే చివరిదాకా పట్టుకుని ఉండాలి, చేయి మారకూడదు. కర్రా రాయీ పనికిరావు, మనిషి చేతులే కావాలి. వదిలితే పడుతుంది, పడితే ఇంకెప్పటికీ లేవదు. ఎవరు పట్టుకోవాలన్నది ఆటగాళ్లే తేల్చుకోవాలి.

ఆఖరి వాక్యం రాసినప్పుడు ఆర్విడ్ తన భుజం తనే తట్టుకున్నాడు. ఇప్పుడది వినలేక చెవులు మూసుకోవాలనిపించింది.

"ఎత్తడమేనా?" అంది హెడ్రా మెల్లగా. "పద్నాలుగు నెలలు... ఎత్తడమేనా?"

తర్వాత ఆమె కత్తి పక్కన పెట్టి చేతులు రుద్దుకుంది. "నేను పట్టుకుంటాను. మీరు ముగ్గురూ వెళ్లండి."

"నువ్వు ఇక్కడే ఉండిపోతే, రేపట్నించి నీతో ఆడేదెవరు?" అన్నాడు పూజారి. పేరు మర్చిపోయిన టోబ్రిన్ అప్పటికే నోరెత్తకుండా తలుపు దగ్గరికి నడిచాడు. నేనంటే నేనని నలుగురూ తోసుకున్నారు.

ఆర్విడ్ కోటు విప్పి వాళ్లని తప్పించుకుని వెళ్లాడు. తలుపు కింద వేళ్లు దూర్చి ఎత్తాడు. అది బియ్యం బస్తా అంత బరువుంది, అంతే. అవతల నుంచి వెలుగు, తడిగడ్డి వాసన వచ్చాయి. ముందు పూజారి, వెనకే దొంగ వెళ్లారు. టోబ్రిన్ గడప దాటగానే తన పేరు గట్టిగా అరిచాడు. చివరికి హెడ్రా దాటింది. దాటగానే కళ్లజోడు తీసేసింది.

"ఇంక వదిలెయ్యరా, నడుం పట్టేస్తుంది," అన్నాడు వెండెల్.

ఆర్విడ్ వదలబోయాడు.

"ఆగండి!" అంది హెడ్రా వెనక్కి తిరిగి. "ఈ పుస్తకం ఎన్ని కాపీలు వేశారు?"

"మూడు వేలు."

"అందులో మాది ఒక్క బల్లే కదండీ. తలుపేమో అందరికీ ఇదొక్కటే."

ఆర్విడ్ వేళ్లు బిగుసుకున్నాయి. అంతవరకూ అతనికి ఆ నలుగురే కనిపించారు. డార్లా మెట్ల మీద నుంచి లేచింది. గట్టి అట్ట సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ రెండు పేజీలూ తీసుకుని పైకి వెళ్లి, ఒకే కాగితానికి రెండువైపులా అచ్చువేసి, అడుగున తలుపు ఎక్కడుందో రాసి, కొన్నవాళ్లందరికీ, దుకాణాలన్నిటికీ ఆ వారమే పంపించింది.

మూడో రోజు డులూత్ బస్సులో మొదటి అయిదుగురు వీరులు దిగారు. ఆ తర్వాత రాక్‌ఫర్డ్ వాళ్లు, డుబ్యూక్ వాళ్లు వచ్చారు. వేసవికల్లా వరస నేలమాళిగ మెట్లెక్కి వీధిలోకొచ్చి సరస్సు దాకా పాకింది. ఆర్విడ్ మళ్లీ ఏమీ రాయలేదు. వెండెల్ అతని వెనక ఎత్తు స్టూలు వేశాడు. డార్లా మధ్యాహ్నం వచ్చి సూపు చెంచాతో తాగించి పోతుంది.

దాటే ప్రతివాళ్లూ అతని ఎదుట ఒక్క క్షణం ఆగుతారు. ఒకరి గడ్డం నెరిసి ఉంటుంది, ఒకరు కుంటుతుంటారు. తిట్టేవాళ్లు తక్కువ. మొన్న జడలేసుకున్న విలుకత్తె ఒకతె అతన్ని పరకాయించి చూసి, మొహమంతా నవ్వుతో అంది:

"ఆ పుస్తకం రాసింది మీరేనా? అబ్బ, ఏం ముగింపండీ! మేం ఇన్నాళ్లూ దాని గురించే మాట్లాడుకున్నాం."

ఆర్విడ్‌కి మొహం కప్పుకోవాలనిపించింది. రెండు చేతులూ తలుపు కిందే ఉన్నాయి.