రాకెట్ దించిన పిల్ల

నంద్యాల నుంచి అద్దెకు తెచ్చిన నవలను ముందు ప్రేమకుమారి చదివేసింది. రాకెట్‌లో తప్పిపోయిన పిల్లల కథ. ఆళ్లగడ్డ బళ్లో అందరూ ప్రేమ చుట్టే చేరి కథ చెప్పించుకుంటుంటే కృపావతికి ఒళ్లు మండిపోయింది. పిల్లలు కొత్త గ్రహం మీద దిగిన ఘట్టానికి టీచరమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

"ఇట్లియ్యే, నేనూ చదువుతా," అని కృపావతి పుస్తకం లాక్కుపోయింది. ప్రేమ కంటే బాగా చెప్పి చూపించాలని పంతం. తీరా చదివితే, రాకెట్ ఇంకా ఆకాశంలో ఉండగానే పుస్తకం అయిపోయింది. చివరి పేజీలు ఎవరో ఎప్పుడో చింపుకుపోయారు.

"వాళ్లు దిగింది ఇందులో యాడుందే?" అని నిలదీసింది.

"యాడా లేదు. పైన్నే ఉండిపోతే పాపం గదా, నేనే దించినా," అంది ప్రేమకుమారి.

పుస్తకాన్నయితే కృపావతి కూడా నంద్యాల పోయి తెచ్చుకోగలదు. ఈ దించడం ఏ అంగట్లో అద్దెకిస్తారు?