ఆకలితో కూర్చున్న మేస్త్రీలు

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేవాళ్లంతా తమతో పనిచేసే ఆమె ఛాతీలోంచి వచ్చే చప్పుడుకే చేతులాడించేవాళ్లు. టక్కుమంటే ఒక మడత, మళ్లీ టక్కుమంటే ఇంకో మడత. అందుకే ఆమెను ‘గడియారం’ అనేవాళ్లు.

రెండేళ్ల కిందట క్షయ క్రిములు ఆమె ఊపిరితిత్తుల్లో చేరాయి. కొద్దివారాల్లోనే లోపల తాపీ మేస్త్రీలు దిగి, వాటి చుట్టూ గోడ కట్టేశారు. క్రిములు చావలేదనీ, గోడ మధ్య నిద్రపోతున్నాయనీ నర్సు చెప్పింది. ఇప్పటికి జబ్బు లేదు, ఎవరికీ అంటుకోదు. కానీ గోడకు మరమ్మతు ఆగకూడదు; ఆ టక్కుమనేది మేస్త్రీల తాపీల చప్పుడే. ముందుజాగ్రత్తకు మాత్రలిస్తే, కళ్లు తిరుగుతున్నాయని పది రోజులకే మానేసింది.

ఇంట్లో పిల్లలిద్దరూ ఆ చప్పుడు వింటేగాని నిద్రపోయేవాళ్లు కాదు. భర్త లారీ మీద వెళ్తే నెలకోసారి వచ్చేవాడు. పిల్లలకీ అత్తకీ పెట్టాక, గిన్నె అడుగున గీకితే వచ్చిందే ఆమె భోజనం. ఇంటి కోడలు చివరే తినాలన్నది అత్త మాట. ముప్పై ఏళ్లు ఇటుకలు మోసిన అత్త కూడా అలాగే తిన్నది.

వానలు మొదలైన వారం చప్పుడు ఆగిపోయింది. లాండ్రీలో మడతలు తప్పాయి. గోడ పూర్తయిందేమో, అదృష్టవంతురాలివి అన్నారంతా. ఆమె కూడా అదే అనుకుంది. నిద్రపట్టని చిన్నది మాత్రం వెళ్లి నానమ్మను లేపుకొచ్చింది.

అత్త కోడలి వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

“పని పూర్తయితే తట్టలు కడుక్కుంటారే. ఆ చప్పుడే లేదు. తాపీలు కింద పడేసి కూర్చున్నారు.”

“ఎందుకత్తయ్యా?”

“తిండి పెట్టకపోతే మేమూ అలాగే కూర్చునేవాళ్లం,” అంది అత్త.

మర్నాడు నర్సు ఎక్స్‌రే తీయించింది. గోడ నిలిచే ఉంది, కానీ పలచబడింది. ఆమె ఏడు కిలోలు తగ్గింది. కళ్లు తిరిగింది మాత్రలకు కాదు, ఖాళీ కడుపుకని నర్సు కసిరింది. “క్రిముల సంగతి మందు చూసుకుంటుంది. ఈసారి చివరి మాత్ర దాకా మింగాలి. గోడ కట్టేవాళ్లకి మాత్రం నువ్వే పెట్టుకోవాలి.”

ఆ సాయంత్రం ఆమె గిన్నె దించి, అందరికంటే ముందు తనే కంచం ముందు కూర్చుంది. నిండుగా వడ్డించుకుంది.

“పిల్లలింకా తినలేదే,” అంది అత్త.

“తింటారు. నేనుంటే రోజూ తింటారు.” ముద్ద నోట్లో పెట్టుకుని, తలెత్తి అత్త కళ్లలోకి చూసింది. “మీరూ ముప్పై ఏళ్లు చివర తిన్నారు. నేను అలా తినను.”

అత్త ముఖం ఎర్రబడింది. కోడలు చూపు దించలేదు. రెండో ముద్ద తిన్నది. మూడోది తిన్నది. తల్లి వీపుకు చెవి ఆనించి కూర్చున్న చిన్నది వేలెత్తింది.

టక్కు.

అత్త లేచి వంటగదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో ఇంకో కంచం ఉంది. కోడలి పక్కన చతికిలబడి, మనవరాళ్ల వైపు చూడకుండా, తనకూ నిండుగా వడ్డించుకుంది.