ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు

పాత బస్సుల్ని ప్రేమించే మగవాళ్ళంటే నాకు రోత. బస్సులంటే కాదు. వాటి వెనక మెట్టు మీద నిలబడి టిక్కెట్లు కొట్టి బతికినదాన్ని, వాటి మీద నాకేం కోపం? మా ఊరు రాకెన్‌షాలో ఇప్పటికీ కండక్టరు హిల్డా అంటేనే నన్ను గుర్తుపడతారు. నా కోపమంతా ఈ ప్రేమికుల మీదే. ఊళ్ళో బస్సులు తిరిగినన్నాళ్ళూ సొంత కార్లలో తిరిగి, తీరా అవి పోయాక వాటి మీద ప్రేమ పుట్టినవాళ్ళు. తల్లి బతికుండగా గుక్కెడు నీళ్ళు పోయని వాడు ఆమె పోయాక గోదానం చేశాడట, అలా ఉంటుంది వీళ్ళ వరస.

విన్నీ సంగతి చెబితే నా కోపం మీకు అర్థమవుతుంది. విన్నీ, అంటే వినిఫ్రెడ్ హేడాక్, మా ఊళ్ళో బస్సు నడిపిన మొదటి ఆడది. మనిషి నా భుజం దాకా వచ్చేది, అంతే. తను పనిచేసే నూలు మిల్లు మూసేశాక డిపోలో కండక్టరుగా చేరింది. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో డ్రైవరు పరీక్ష రాస్తానంటే డిపో అంతా పగలబడి నవ్వింది. ‘ముందు కుర్చీ ఎక్కి కిటికీ అందుకోవే’ అన్నారు. ఆమె పరీక్ష పాసై వచ్చింది. కానీ వాళ్ళ నవ్వులో ఒక నిజముంది. విన్నీ కాళ్ళు క్లచ్చుకీ బ్రేకుకీ పూర్తిగా అందేవి కావు.

డిపోలో సెత్ గ్రీన్‌హాల్ఫ్ అని ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. నోరు తెరిస్తే బూతులు, మనసు మాత్రం వెన్న. ‘కాళ్ళు పొడుగు చెయ్యడం నా వల్ల కాదు పిల్లా, పెడళ్ళనే నీ దగ్గరికి తెస్తా’ అని గట్టి చెక్కతో దిమ్మలు చెక్కి, వాటికి రబ్బరు తొడిగి, పెడళ్ళకి బోల్టులతో బిగించాడు. సీటు కింద ఇనప పట్టీలు వేసి ఎత్తుచేసి ముందుకు జరిపాడు. పై అధికారి గొణిగి గొణిగి, ఒక్క బండికే అని ఒప్పుకున్నాడు. ఆ బండి అరవై ఏడో నంబరు. మెరూన్, మీగడ రంగుల డబుల్ డెక్కరు.

అందుకని మా ఊళ్ళో అందరిదీ ఒక పద్ధతి అయితే విన్నీది ఒక పద్ధతి. మిగతా డ్రైవర్లకి ఏ బండి ఇస్తే ఆ బండి. విన్నీకి అరవై ఏడే. అది రిపేరుకి వెళితే ఆ వారం విన్నీ చీపురు పట్టుకుని షెడ్డు ఊడ్చేది, అది తిరిగొచ్చేదాకా. వెనక మెట్టు మీద నేను, ముందు క్యాబులో ఆమె. గంట కొడితే కదిలేది, గంట కొడితే ఆగేది. మా ఇద్దరికీ మధ్య అంతకన్నా మాటలు అక్కర్లేదు.

ఎనభై రెండులో ఆ రకం బండ్లన్నీ తీసేశారు. అరవై ఏడుని పాత ఇనుము యార్డుకి తోలారని తెలిసి, చివరిసారి చూసొద్దామని ఇద్దరం వెళ్ళాం. బురదలో మొహాలు చెక్కేసిన బస్సులు వరసగా. ఆ బస్సుల చుట్టూ ఈ ప్రేమికులు. ఒకడు నంబరు ప్లేటు ఊడదీస్తున్నాడు, ఒకడు గంట, ఒకడు బస్సు నుదుటి మీద ఊళ్ళ పేర్లు చూపే గుడ్డచుట్ట. పీనుగు చల్లారకముందే చెవులకున్నవి ఒలుచుకుపోయే బంధువులు ఉంటారు చూడండి, అచ్చం వాళ్ళే. అరవై ఏడు ముందు నిలబడి నంబరు పలక విప్పుతున్నాయన మమ్మల్ని చూసి నవ్వి, విజిటింగ్ కార్డు ఇచ్చాడు. డెస్మండ్ ఎంట్విసిల్, ఇళ్ళ అప్పులిచ్చే ఆఫీసులో మేనేజరు, రాకెన్‌షా బస్సుల రక్షణ సంఘానికి అధ్యక్షుడు. పలక కోటు జేబులో వేసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు. రక్షణ అంతటితో అయిపోయింది.

యార్డువాడు గ్యాసు మంట వెలిగించుకుని అరవై ఏడు దగ్గరికి వచ్చాడు. అప్పుడు విన్నీ క్యాబు ఎక్కి తలుపు వేసుకుని కూర్చుంది.

‘దిగు ముసలమ్మా, నాకు పనుంది’ అన్నాడు వాడు.

‘ముసలమ్మ మీ అమ్మ. నువ్వు కోసుకో. నా వైపు మాత్రం రాకు’ అంది విన్నీ.

వాడు తిట్టాడు, బతిమాలాడు, టీ తాగి వచ్చి మళ్ళీ తిట్టాడు. వాన మొదలైంది. అద్దం లేని కిటికీలోంచి చినుకులు పడుతుంటే విన్నీ స్టీరింగు పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చుంది. నేను యార్డు ఆఫీసుకి పరిగెత్తి, ఆ కార్డు మీది నంబరుకి ఫోన్ చేశాను. ‘నీకు పలక చాలా, బస్సు కావాలా’ అని అడిగాను. సాయంత్రానికి ఎంట్విసిల్ బండిని లాక్కెళ్ళే లారీ తెచ్చాడు. వెంట పేపరువాణ్ణి కూడా తెచ్చుకున్నాడు. మర్నాడు ఫోటో పడింది. యార్డు యజమానితో చేతులు కలుపుతున్న ఎంట్విసిల్, ఫోటో అంచున విన్నీ మోచెయ్యి.

ఆ రోజు మాత్రం ఆయన కళ్ళు తడిగానే ఉన్నాయి, లేదనను. ‘ఇది మళ్ళీ రోడ్డెక్కిన రోజున స్టీరింగు మీ చేతిలోనే ఉంటుంది విన్నీ గారూ’ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని విన్నీ తొమ్మిదేళ్ళు చాకిరీ చేసింది.

పాత దూది గోదాములో పెట్టారు బండిని. విన్నీ తుప్పు గీకింది, సీట్ల గుడ్డలు కుట్టింది, ఎవరో ఎప్పుడో సీట్ల కింద అంటించిన చూయింగ్ గమ్ చాకుతో చెక్కి తీసింది. నేను సభ్యురాల్ని కాదు. ఆమె కోసం వెళ్ళి టీ పెట్టేదాన్ని, అల్లం కేకు కోసేదాన్ని, వాళ్ళ మాటలు వినేదాన్ని. ఒక చలికాలమంతా మీగడ రంగు ఎంత పసుపుగా ఉండాలన్న దాని మీదే కొట్టుకున్నారు. ఇద్దరు ప్రాణస్నేహితులు ఆ పసుపు దగ్గరే మాటలు మానేశారు. చీ, పెళ్ళాం కళ్ళు ఏ రంగో అడిగితే చెప్పలేరు వీళ్ళు.

ఆ తర్వాత ఒక ఓటింగు పెట్టారు. ఇది వాళ్ళ లోకంలో పెద్ద విషయం. ఒక బస్సు ఇరవై ఏళ్ళు తిరిగితే దాని ఒంటి మీద ఇరవై ఏళ్ళ మార్పులుంటాయి. బాగుచేసేటప్పుడు ఏ నాటి రూపానికి తేవాలన్నది ముందే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక, ఆ రోజు లేనిది ఏదీ ఉండకూడదు. అరవై ఒకటిలో ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా, అని ఎంట్విసిల్ ప్రతిపాదించాడు. అందరూ చేతులెత్తారు. విన్నీ కూడా ఎత్తింది.

‘ఎందుకే ఎత్తావు?’ అని అడిగాను దారిలో.

‘చివర్లో వేసిన ఆ సబ్బు ప్రకటనలు, ఆ వెధవ కొత్త రంగులు పోతాయి కదా. కొత్తలో ఎంత అందంగా ఉండేదో నీకు గుర్తులేదా?’ అంది. ఆమె రంగు గురించే అనుకుంది. తన గురించి అనుకోలేదు.

ఆఖరి ఏడాది క్యాబుకి తార్పాలిన్ కప్పి తాళం వేశారు. మీటర్ల పని సున్నితం, దుమ్ము పడకూడదు అన్నారు. విన్నీకి అనుమానం రాలేదు. పండగకి కొత్త బట్టలు దాచినట్టు దాస్తున్నారనుకుని మురిసింది. నాకు వచ్చింది అనుమానం. కానీ తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మనిషి మొహంలో ఆ వెలుగు చూశాక ఏం అంటాం.

మే నెల ఆదివారం, ఊరి పార్కులో పాత బస్సుల పండగ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు, బండ్లకి మార్కులు వేసే జడ్జీలు, మాంసం కూరిన వేడి పైలు, బాకాల బృందం. ‘మళ్ళీ విన్నీ చేతిలో అరవై ఏడు’ అని పేపర్లో వేశారు కాబట్టి మా పాత ప్యాసింజర్లంతా వచ్చారు. అందరికన్నా ముందు ఎల్సీ క్రాబ్‌ట్రీ వచ్చింది. వేరే మిల్లులో పని, షిఫ్టుకి ఎప్పుడూ ఆలస్యమే ఆవిడ, వీధి మలుపులో పరిగెత్తుకొస్తుంటే విన్నీ బండి ఆపి ఎదురుచూసేది. అలా కొన్నేళ్ళు ఆవిడ కూడు పోకుండా కాపాడింది. నేను నా పాత యూనిఫారం వేసుకుని, టిక్కెట్ల మిషను మెడలో తగిలించుకుని జనాన్ని ఎక్కించాను. మేడ, కింద, దాదాపు అన్నీ నిండాయి.

విన్నీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చింది. క్యాబు ఎక్కింది. కూర్చుంది. ఎంతసేపటికీ ఇంజను చప్పుడు లేదు. నేను దిగి ముందుకు వెళ్ళి చూశాను. ఆమె సీటు అంచుకి జారి, కాళ్ళు చాపి, షూ కొనతో క్లచ్చుని వెతుకుతోంది. సీటు కిందికి, వెనక్కి పోయింది. పెడళ్ళు కొత్త పెయింటుతో తళతళలాడుతున్నాయి. వాటి మీద ఏమీ లేదు.

‘నా దిమ్మలేవి?’ అంది విన్నీ, వెనకే వచ్చిన ఎంట్విసిల్‌ని చూసి.

‘అవి తర్వాత బిగించినవి కదండీ. జడ్జీలు క్యాబులోకి తలపెట్టి చూస్తారు. ఒక్క బోల్టు అదనంగా ఉన్నా మార్కులు పోతాయి.’

‘ఏవి?’

‘చలికాలంలోనే చెత్తలో వేసేశాం. మీరూ చెయ్యెత్తారు కదా విన్నీ గారూ.’

‘నన్ను నడపమన్నావుగా?’

ఆయన మొహం ఎర్రబడింది. అయినా నోరు మూసుకోలేదు. ‘ఆ మాట అన్నాను, నిజమే. కానీ అరవై ఒకటిలో ఆడ డ్రైవర్లు లేరు కదా. చూసేవాళ్ళకి అది తప్పుగా కనిపిస్తుంది. మీ కోసం కండక్టరు డ్రెస్సు తెప్పించాం. మీ కొలతే. అచ్చంగా ఆనాటిది, బొత్తాలు కూడా.’

‘బొత్తాలు కూడానా’ అంది విన్నీ.

‘ఒక్కటి కూడా మార్చలేదండీ.’

‘నేనే మారానన్నమాట.’

ఆ మనిషి నోట్లోంచి వచ్చే ‘అచ్చంగా’ అన్న మాటకి నా ఒళ్ళు మండిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఆమె వానలో కూర్చుని తెచ్చిన బండి, ఆమె గోళ్ళతో గీకిన బండి, దాన్లోంచి ఆమెనే గీకి పారేశారు. పోనీ పగతో చేశారా అంటే అదీ కాదు. చెత్తబుట్టలో ఆ దిమ్మలు పడుతున్నప్పుడు అవి ఎవరివో ఒక్కడికీ గుర్తే రాలేదు.

‘ఇటుక ముక్కలు పెట్టి తాడుతో కట్టనా?’ అన్నాను.

‘జనం ఎక్కారే హిల్డా. కాలి కొసతో బ్రేకు తొక్కుతూ వాళ్ళని రోడ్డు మీదికి తీసుకెళ్ళనా?’ అని ఆమె క్యాబు దిగింది. దిగేటప్పుడు చెయ్యి ఇచ్చాను.

ఎంట్విసిల్ వెనక మెట్టెక్కి, చిన్న ఇబ్బంది వల్ల విన్నీ గారు ఇవాళ నడపడం లేదని, తాను నడుపుతానని ప్రకటించాడు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నేను ఆశపడ్డాను. అందరూ లేస్తారు, ఆమె లేకపోతే మేమెందుకు అంటారు అనుకున్నాను. ఒక్కరు లేవలేదు. ఎల్సీ క్రాబ్‌ట్రీ కిటికీలోంచి తల బయట పెట్టింది.

‘అయ్యో పాపం విన్నీ. ఎంత ఆశపడ్డావో తల్లీ’ అంది. అంటూనే పక్క సీటు మీద సంచీ పెట్టింది, వెనకొచ్చే చెల్లెలి కోసం.

నేను టిక్కెట్ల మిషను తీసి ఎంట్విసిల్ మెడలో వేశాను. ‘అరవై ఒకటిలో సంఘం అధ్యక్షులు కూడా లేరు. టిక్కెట్లు నువ్వే కొట్టుకో’ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థమై ఉండదు, కప్పు గెలుచుకున్నారు కదా మరి.

ఇద్దరం పార్కు గేటు దగ్గర నిలబడ్డాం. అరవై ఏడు మా ముందు నుంచే బయటికి వచ్చింది. మీగడ రంగు ఎండలో మెరుస్తోంది, అందంగానే ఉంది, కాదనలేను. మేడ మీది వాళ్ళంతా మాకేసి చేతులు ఊపారు. విన్నీ చెయ్యెత్తలేదు. బండి మలుపు తిరిగేదాకా చూసింది.

‘ఆ రోజు యార్డులో నేను దిగిపోయి ఉండాల్సింది హిల్డా’ అంది. ‘కోసేసేవాడు, అంతేగా. నా దిమ్మలతోనే పోయేది.’