చేతులు దాచుకున్న మనిషి

ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో బస్‌స్టాండు మైకులో చెప్పే ఆమెను అందరూ కోకిలమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది బస్‌స్టాండు మేనేజరే. చంకనున్న పసిపిల్లలు కూడా ఏడుపాపి వినేంత తీయటి గొంతు ఆమెది. అలాంటి గొంతు రెండేళ్లుగా బరువెక్కి బొంగురుపోయింది. ఒకరోజు ఒక పెద్దాయన కిటికీ దగ్గరికొచ్చి, "ఇందాక మైకులో చెప్పినాయన్ని కాస్త పిలవమ్మా, సరిగ్గా వినపడలేదు" అన్నాడు.

ఆ చెప్పిన మనిషి ఆయన ఎదురుగానే కూర్చునుంది.

"ఆయన టీకి వెళ్లారండీ" అని తల దించుకుంది కోకిలమ్మ.

గొంతొక్కటే అయితే జలుబని సరిపెట్టుకునేది. చేతులు కూడా లావెక్కాయి. ఉంగరం సబ్బు రాసినా ఊడిరాక, చివరికి కోయించుకోవలసి వచ్చింది. ముక్కు వెడల్పయింది, దవడ ముందుకొచ్చింది. అన్నీ మెల్లమెల్లగా జరగడంతో రోజూ చూసే భర్తకు తేడా తెలియలేదు. చాన్నాళ్లకు ఇంటికొచ్చిన ఆడపడుచు మాత్రం చూడగానే పసిగట్టింది. "మా మరదలేమిటి, మగరాయుడిలా తయారైందీ!" అని ఫోనులో ఎవరితోనో గుసగుసలాడటం కోకిలమ్మ చెవిన పడింది. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. అప్పటి నుంచి మనుషుల ముందు చేతులు శాలువా కిందే ఉంచుకునేది.

తన చెప్పులేవీ పట్టకపోవడంతో భర్త నల్ల బూట్లు సంచిలో పెట్టుకుపోయి, వీధి మలుపు తిరిగాక వేసుకునేది. ఆయన మంచం కింద దూరి మరీ వెతికాడు.

"నా బూట్లు చూశావా?"

"నాకేం తెలుసండీ? గుమ్మం బయట విడిచుంటారు, ఎవరో ఎత్తుకుపోయుంటారు."

అబద్ధమాడి, బూట్లున్న సంచిని తలుపు వెనక్కి జరిపింది.

పళ్ల మధ్య సందులు పడి తిన్నదల్లా ఇరుక్కుంటోందని, పని నుంచి నేరుగా పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. అక్కడికే వచ్చిన భర్త కంటపడకుండా చీర కుచ్చిళ్లు బూట్ల మీదికి దించుకుంది. ఆవిడ నోరు చూసింది. చూసి, చేతిలో అద్దం పక్కన పెట్టి, ఆమె వేళ్ల వంక చూసింది.

"ఈ మధ్య చెప్పుల సైజు ఏమైనా పెరిగిందామ్మా?"

భర్త నవ్వేశాడు. "ఈ వయసులో పాదాలు పెరగడమేంటండీ!"

డాక్టరమ్మ నవ్వలేదు. కోకిలమ్మ ముఖం కందిపోయింది.

"పెరిగిందండీ" అంది నేల చూపులు చూస్తూ. తర్వాత భర్త వైపు తిరగకుండానే, "మీ నల్ల బూట్లు ఎవరూ ఎత్తుకుపోలేదు. నా కాళ్లకే ఉన్నాయి" అంది.

ఆయన కిందికి చూశాడు.

పళ్ల డాక్టరమ్మ వాళ్లను హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన పాత ఫోటోలు తెమ్మని, వాటినీ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. రక్తపరీక్షలు, తల స్కానింగు అయ్యాక కూర్చోబెట్టి చెప్పాడు.

"మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందమ్మా, పిట్యూటరీ అంటారు. ఒంట్లో చాలా గ్రంథులకు పని పురమాయించేది అదే. ఎదుగుదల హార్మోను వచ్చేదీ అక్కడి నుంచే. మీకు అందులో చిన్న గడ్డ లేచి, ఆ హార్మోను హద్దు మీరి తయారవుతోంది. ఎదిగే పిల్లలకైతే ఎత్తు పెరుగుతుంది. పెద్దవాళ్లలో ఎముకలు పొడుగు సాగవు కాబట్టి చేతులూ పాదాలూ దవడా వెడల్పవుతాయి. గొంతు మారిందీ అందుకే. ఇది క్యాన్సరు కాదు."

కోకిలమ్మ శాలువా అంచు నలుపుతూ అడిగింది.

"అయితే డాక్టరుగారూ, నేను... మగవాడిగా మారిపోవడం లేదా?"

"లేదమ్మా. మగ హార్మోను వేరు, ఇది వేరు. ఎన్నాళ్లుగా ఉంది మీకీ భయం?"

ఆమె చేతులు మళ్లీ శాలువా కిందికి లాక్కుంది. పక్కనున్న భర్త ముఖం పాలిపోయింది. దారిలో "నాతోనైనా చెప్పకూడదా?" అన్నాడు.

"ఏమని చెప్పను?"



ముక్కులోంచి పరికరాలు పంపి ఆ గడ్డ తీసేశారు. కొన్ని నెలలకు వేళ్ల వాపు తగ్గింది, రెండేళ్లుగా వేధిస్తున్న తలనొప్పులూ పోయాయి. ముందుకొచ్చిన దవడ మాత్రం ఇక వెనక్కి పోదని డాక్టరు దాచకుండా చెప్పాడు. అది విని ఒకరోజంతా ఏడ్చింది. మర్నాడు ముఖం కడుక్కుని, తనే ఆడపడుచుకు ఫోన్ చేసి, తన జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది.



"అయ్యో, నా నోరు పడిపోనూ! నేనేమో నిన్ను..."

"మీరొక్కరే కాదులే వదినా, నేనూ అలాగే అనుకున్నాను."